ముట్టొద్దన్న ఉలవపంట

మాఘమాసం మొదటి వారంలో ఒక బుధవారం, పొద్దున ఏడు గంటలకు నాగర్‌కర్నూలులో వనపర్తి బస్సు ఎక్కాను. ఎడమ కాలికి కట్టు ఉంది. చంకలో తోలుసంచి ఉంది. అందులో నాలుగు కాగితాలు: బీమా కంపెనీ పాలసీ, గద్వాలకు రమ్మని ఆ కంపెనీ వారు రాసిన ఉత్తరం, ప్రమాదం జరిగిన మాట నిజమేనని వీపనగండ్ల పోలీసు పటేలు ఇచ్చిన చీటీ, అది ఎలా జరిగిందో నా చేత్తో నేను రాసుకున్న వాంగ్మూలం. ఈ నాలుగింటిలో మొదటిదాన్ని నేను అప్పటికి ఒక్కసారి కూడా చదవలేదు. చివరిది అబద్ధం.

నేను వకీలును. నాగర్‌కర్నూలు కోర్టులోను, వనపర్తి, గద్వాల సంస్థానాల కోర్టుల్లోను వకాల్తా పుచ్చుకుంటాను. తిరగడానికి మూడేళ్ల క్రితం ఒక మోటారు సైకిలు కొన్నాను. మిషను ఆసుపత్రి డాక్టరుగారు తమ దేశానికి వెళ్లిపోతూ అమ్మారు. బండితో పాటు బీమా కూడా నా పేరు మీదికి మార్చి, ఏడాదికోసారి రుసుము కట్టడం మరిచిపోవద్దని చెప్పారు. నలుగురి పత్రాలు చదివిపెట్టి బతికేవాణ్ణి, నా పత్రం దగ్గరికి వచ్చేసరికి సంతకం పెట్టి పెట్టెలో పడేశాను.

ప్రమాదం సంగతి ముందే చెప్పేస్తాను. మా వైపు ఉలవలు కోశాక రైతులు ఆ పంటను రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్ల చక్రాల కింద కాయ పగిలి గింజ రాలుతుంది. కట్టె పట్టి కొట్టే శ్రమ సగం తప్పుతుంది. వీపనగండ్లలో ఒక భూమి చూసి ఉదయం పూట వనపర్తి వైపు వస్తున్నాను. ఊరు దాటాక రోడ్డు నిండా ఉలవ పరుపు కనబడింది. పక్కన బండి పట్టేంత దారి వదిలి ఉంది. ఒక రైతు చేయెత్తి ఆపాడు. "మంచు మీదున్నది దొరా, జారుతది. పక్కకెళ్లి పోండ్రి" అన్నాడు. రోడ్డు పక్క నలుగురైదుగురు నిలబడి నా బండిని చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నారనే నేను వేగం పెంచి నేరుగా పరుపు మీదికి పోనిచ్చాను. పది గజాలు కూడా పోలేదు. బండి ఒక పక్క, నేను ఒక పక్క.

లేచి కూర్చోగానే నా నోట వచ్చిన మొదటి మాట, "రోడ్డు మీద పంట వేసిందెవరు?" అని. పటేలు పరుగెత్తుకొచ్చాడు. "పంచనామా కావాలి. అప్పటిదాకా ఇక్కడ ఒక్క పరక కూడా ఎవరూ ముట్టకూడదు" అని చెప్పాను. పటేలు బండి కట్టించి నన్ను వనపర్తి దవాఖానకు పంపాడు. తర్వాత జ్వరం వచ్చింది. ఆ తర్వాత కంపెనీ ఉత్తరం వచ్చింది. పంచనామా అక్కరలేదు, పటేలు చీటీ చాలన్నారు. ఆ చీటీ తెప్పించుకున్నాను. పంచనామా మాట అంతటితో మరిచిపోయాను.

ఇక ప్రయాణం. యుద్ధం వచ్చాక మా బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. వెనక ఒక ఇనుప పీపా, దానికి పొయ్యి, పొయ్యికి తిప్పుడు పంకా. బయలుదేరే ముందు అరగంట పంకా తిప్పితే గాని ఇంజనుకు ప్రాణం రాదు. ఎట్లా పనిచేస్తుందో చూద్దామని దగ్గరికి వెళ్తే డ్రైవరు నా కట్టు చూసి, "దూరముండు సారూ, ఇంకో కాలు గూడ పోతది" అన్నాడు. మిట్ట వచ్చినప్పుడల్లా మగవాళ్లు దిగి నెట్టాలి. నా కాలి పుణ్యాన నేను కూర్చునే ఉన్నాను. వనపర్తి చేరేసరికి పదకొండున్నర దాటింది. ఒక తోటి వకీలు ఇంట్లో భోజనం చేసి ఆ రోజుకు అక్కడే ఉండిపోయాను.

గురువారం ఉదయం జట్కా కట్టించుకుని వనపర్తి రోడ్డు స్టేషనుకు వెళ్లాను. ఊరికీ స్టేషనుకూ మధ్య నాలుగైదు కోసుల దూరం ఉంది. కొత్తవారు ఈ సంగతి తెలియక రైలు తప్పిపోతుంటారు, రెండు మూడు గంటలు ముందే బయలుదేరాలి. నా మోటారు సైకిలును పటేలు రెండు రోజుల ముందే ఎద్దుబండిలో అక్కడికి చేర్చాడు. గడ్డి చుట్టి తాళ్లతో కట్టిన దాన్ని పార్సిలు పెట్టెలోకి ఎక్కిస్తుంటే ఒక కూలీ, "గుర్రమైతే సస్తే పాతిపెడ్తరు. దీన్నేమో టికెటు కొని తిప్పుతుండ్రు" అన్నాడు.

మూడో తరగతి పెట్టెలో నాకెదురుగా అయిజ ఎడ్ల బేరగాడు తిమ్మప్ప కూర్చున్నాడు. పెద్ద రుమాలు, చేతిలో ములుగర్ర. అతని పక్కన ఒక ముసలమ్మ గంపలో కోడిపుంజును పెట్టుకుని ఉంది. బండి కదలగానే తిమ్మప్ప ముసలమ్మతో మాట కలిపాడు.

"మొన్న వీపనగండ్ల దిక్కు ఎడ్లు జూడనీకె పోయిన అవ్వా. అక్కడ ఓ తమాషా జూసిన. రోడ్డు నడుమ ఉలవ పరుపున్నది. సుట్టూ కంప కొట్టిండ్రు. పక్కపొంటి గొంగడి కప్పుకొని ఓ మనిషి. ఎడ్లు పోవాలె, జర జరుగప్పా అంటె, చేన్లకెళ్లి పో, దీన్ని ముట్టొద్దు, వకీలు హుకుం అంటడు."

"వకీలుకెందుకు ఉలవలు?" అంది ముసలమ్మ.

"ఏమో. ఎవలో వకీలు మోటరు సైకిల్ల మీదికెళ్లి పడ్డడంట. ఒక్క పరక ముట్టొద్దని చెప్పి పోయిండంట. పది దినాలు దాటిందంట. ఈడు పొద్దుందాక మేకలను కొడుతుండు, రాత్రంత పందులను కొడుతుండు."

"పిచ్చోడా?"

"పిచ్చోడు కాదవ్వా. భయమున్నోడు."

"ఆ వకీలు మల్ల రాలేదా?"

"వచ్చెటోడైతె ఎప్పుడో వచ్చు. ఆయినకు యాదికి గూడ ఉండదు" అని తిమ్మప్ప నా వైపు తిరిగాడు. "తమరేం పని జేస్తరు సారూ?"

"రాతపని" అన్నాను.

"కాలికేమైంది?"

"జారిపడ్డాను."

అప్పుడే బండి కృష్ణ వంతెన మీదికి వచ్చింది. చప్పుడు మారగానే అందరూ కిటికీల వైపు జరిగారు. ముసలమ్మ కొంగు ముడి విప్పి కానీ బిళ్ల ఒకటి నీళ్లలో వేసి దండం పెట్టుకుంది. ఎండాకాలం ఇంకా రాకపోయినా నది సగం ఇసుకా, సగం రాళ్లూ. ఆ రాళ్ల సందుల్లో నీళ్లు ఎటు దారి దొరికితే అటు పోతున్నాయి. ఇంకో రోజైతే ఎన్ని పాయలున్నాయో లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజు గొంగడి కప్పుకున్న మనిషే కళ్లలో ఉన్నాడు. అతని పేరేమిటో కూడా నాకు తెలియదు.

మధ్యాహ్నం గద్వాల దిగి మోటారు సైకిలును ఖాజామియా షెడ్డుకు చేర్పించాను. ఖాజామియా పూర్వం పెద్దవాళ్ల మోటార్లు చూసిన మిస్త్రీ. ఇప్పుడు స్టేషను దారిలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల మూడు తాలూకాలకూ అతనే గతి. గడ్డి విప్పి ఒక్కొక్క భాగం తడిమి చూశాడు.

"దీన్ని ఎవరు తోలిండ్రు?"

"నేనే."

"గుస్సా మీద తోలిండ్రా, ఖుషీ మీద తోలిండ్రా?"

"ఎందుకు?"

"గుస్సా మీద తోలినోడు బ్రేకు మీద కాలు పెడ్తడు. గీ బ్రేకు ముట్టనే లేదు" అన్నాడు.

సత్రంలో దిగాను. రేపు సర్వేయరుగారు కర్నూలు నుంచి వస్తారని చెబితే సత్రం గుమాస్తా, "ఎవరి చేను తగాదా?" అని అడిగాడు. మోటారు సైకిలును కొలిచే సర్వేయరు అని చెబితే నమ్మలేదు. సాయంత్రం కోట వైపు నడిచాను. నేతగాళ్ల వీధిలో మగ్గాల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. నూలు చీరకు పట్టు అంచు ఎక్కడ కలుస్తుందో చూపించమంటే ఒక నేతగాడు రెండు పోగులు వేళ్ల మధ్య పట్టి మెలిపెట్టి చూపించాడు. బాగుంది. కాని చూస్తున్నంతసేపూ నాలో ఒక మాట నలుగుతూనే ఉంది: వాంగ్మూలం మార్చి రాయాలా, అక్కరలేదా? మారిస్తే తప్పు నాదవుతుంది. తప్పు నాదైతే కంపెనీ పైసా ఇవ్వదు. కంపెనీ ఇవ్వకపోతే యుద్ధం రోజుల్లో ఆ సామానుకు డబ్బు నేను పెట్టలేను. ఇలా నాకు నేనే వాదించుకుని నిద్రపోయాను.

శుక్రవారం తొమ్మిది గంటలకు సర్వేయరు వచ్చారు. సన్నటి మనిషి, ఖాకీ నిక్కరు, జేబులో సుద్దముక్క, దారపు ఉండ, ఇనుప స్కేలు. ఈ పని ఎలా చేస్తారో చూడాలని నాకు మొదటినుంచీ ఆసక్తి. ఆయన బండిని ముందు ముట్టుకోలేదు. చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత ముందుచక్రం నడుమ నుంచి వెనకచక్రం నడుమకు దారం లాగి పట్టి, వంగినచోటల్లా సుద్దతో గీతలు పెట్టారు. విరిగిన ప్రతి దానికీ ఒక అంకె రాశారు. పాత దెబ్బలకు సున్నా చుట్టారు. ఏది కొత్త, ఏది పాత అని ఎలా తెలుస్తుందని అడిగితే, "తుప్పు చెబుతుందండీ. దానికి మొహమాటం ఉండదు" అన్నారు.

తర్వాత నా వాంగ్మూలం అడిగారు. ఇచ్చాను. రైల్లో అంతా విన్నాక కూడా ఇచ్చాను. 'నేను నిదానముగా వచ్చుచుండగా, ఏ హెచ్చరికయు లేకుండ, రోడ్డు మొత్తము పంట పరచియున్నందున' అని ఉంది అందులో. పద్నాలుగేళ్ల వకాలతులో నాకు పట్టుబడిన విద్య అదే. ఏ అర్జీ అయినా మొదటి పంక్తిలోనే తప్పును అవతలి గట్టుకు చేర్చాలి.

ఆయన చదివి కలం నా చేతికిచ్చారు. "అంతా బాగుంది. ఇక్కడ ఆ రైతు పేరు, తండ్రి పేరు, ఊరు రాయండి."

"ఎందుకు?"

"తప్పు అతనిదని రాశారు కదా. మీకు రిపేరు మేము చేయిస్తాం. ఆ ఖర్చు మా కంపెనీ అతని మీద దావా వేసి రాబట్టుకుంటుంది. అది మామూలే."

కలం పట్టుకుని కూర్చున్నాను. ఖాజామియా కొలిమిలో బొగ్గు ఎగదోస్తున్నాడు. తలెత్తకుండానే, "పేరు తెల్వదేమో సాబ్‌కు" అన్నాడు.

"తెలియదు. తెలిసినా రాయలేను. ఆ కాగితం ఇటివ్వండి. తప్పు నాది" అన్నాను. జరిగిందంతా చెప్పాను. వేగం, మంచు, చేయెత్తిన రైతు, చూస్తున్న నలుగురు. చెప్పి, "ఇక నాకు బీమా రాదని తెలుసు" అన్నాను.

సర్వేయరు నా వైపు వింతగా చూశారు. "మీ పాలసీ మీరు చదవలేదా?"

"లేదు."

"ఆరో పేరా చదవండి."

చదివాను. నడిపేవాడి పొరపాటు వల్ల బండికి దెబ్బ తగిలినా రిపేరు ఖర్చు కంపెనీదే. నడిపేవాడు తాగి ఉండకూడదు, లైసెన్సు ఉండాలి, అంతే. నేను కట్టిన అబద్ధం నాకు దేనికీ అవసరం లేనిది.

"చాలామంది ఇంతే. అవతలివాణ్ణి దొంగను చేస్తే గాని డబ్బు రాదనుకుంటారు" అన్నారాయన. "మీ కాగితం నేనింకా దాఖలు చేసుకోలేదు, కాబట్టి తీసుకోండి. ఒకసారి పైకి వెళ్లాక అబద్ధమని తేలితే పాలసీయే రద్దయ్యేది. తొమ్మిదో పేరా కూడా చూడండి. మీ బండి వల్ల ఇతరుల ఆస్తికి నష్టమైతే దానికీ కంపెనీ ఇస్తుంది. ఆ ఉలవపంట నష్టం అందులోకి వస్తుంది. కాని నేను కళ్లారా చూడాలి. అతను వేలిముద్ర వెయ్యాలి."

మధ్యాహ్నం సత్రంలో కొత్త వాంగ్మూలం రాశాను. ఇది నేను అనుకున్నంత సులువు కాలేదు. మొదటిసారి 'రోడ్డుపై పరచిన పంట కారణమున' అని మొదలైంది. చింపాను. రెండోసారి 'ఉదయపు మంచు కారణమున' అని వచ్చింది. అదీ చింపాను. మూడోసారి 'తప్పు నాది' అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తెలియక ఒక్కొక్క మాటే కూడబలుక్కుని రాశాను. అలాంటి అర్జీకి నా దగ్గర నమూనా లేదు.

సాయంత్రం షెడ్డుకు వెళ్తే ఖాజామియా వంగిన ముందు ఫోర్కును కాల్చి, సాగదీసి, వేడి బూడిదలో పూడ్చిపెట్టాడు. నీళ్లలో ముంచవచ్చు కదా అన్నాను. "ముంచితె జల్దీ సల్లగైతది, జల్దీ ఇరుగుతది. రెండు దినాలు బూడిదలనే ఉండాలె" అన్నాడు. లాంతరు అద్దం, ఎడమ పిడి సికిందరాబాదు నుంచి రావాలి. వారం పడుతుందన్నాడు.

శనివారం తెల్లవారగానే సర్వేయరూ నేనూ ఎద్దుబండి కట్టించుకుని బీచుపల్లి రేవుకు వెళ్లాం. అక్కడ కృష్ణను పుట్టిలో దాటాలి. వెదురు అల్లి తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట అది. పుట్టివాడు మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఒక మేకపోతునూ దాని యజమానినీ ఎక్కించాడు. పుట్టి తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. ఒకసారి తూర్పు, ఒకసారి పడమర కళ్ల ముందుకొస్తాయి. సర్వేయరు రెండు చేతులతో అంచు పట్టుకున్నారు. "దీనికి బీమా ఉందా?" అని అడిగారు. పుట్టివాడు, "ఉన్నది సారూ, నాకు ఈత వస్తది" అన్నాడు.

పెబ్బేరులో రొట్టె తిని ఇంకో బండి మాట్లాడుకున్నాం. రెండు గంటలప్పుడు ఆ చోటికి చేరాం.

దూరం నుంచే కంప కనబడింది. బండ్లు పక్క చేనులోంచి తిరిగి తిరిగి అక్కడ కొత్త బాట పడింది. కంప లోపల పరుపు నల్లబడి ఉంది. అంచుల్లో మేకలు తిన్న గుర్తులు, మధ్యలో మంచుకు తడిసి మొలకెత్తిన గింజలు. గొంగడి కప్పుకున్న మనిషి లేచి నిలబడ్డాడు. చేయెత్తి నన్ను ఆపిన మనిషే.

"వచ్చినవా దొరా. పంచనామ ఇయ్యాళనేనా?" అన్నాడు.

నేను మాట్లాడేలోపల అతను సర్వేయరును కంప లోపలికి పిలుచుకుపోయాడు. "ఒక్క పరక గూడ కదిలియ్యలేదు. మేకలు రెండుసార్లు పడ్డయి, అది నా తప్పే. ఇగో, దొర బండి జారిన గీత గూడ అట్లనే ఉన్నది. ఆన వస్తె పోతదని దీని మీద గంప బోర్లిచ్చిన" అని ఒక పాత గంప ఎత్తి చూపించాడు. కింద నేల మీద నా చక్రం గీసిన చార పదునుగా, నిన్న గీసినట్టు ఉంది. సర్వేయరు వంగి దారంతో దాన్ని కొలిచారు. నా వైపు చూడలేదు.

"నీ పేరేమిటి?" అని అడిగాను.

"కుర్మన్న."

"కుర్మన్నా, పంచనామా లేదు. ఇది ఎప్పుడో ఎత్తుకోవలసింది. నేను చెప్పడం మరిచిపోయాను. తప్పు నాది."

కుర్మన్న అర్థం కానట్టు చూశాడు. చేనులోంచి అతని భార్య ఈదమ్మ వచ్చింది. ఆమెకు అర్థమైంది.

"మర్శినవా?" అంది. "నువ్వు ఇంటికి పోయి మర్శినవు. మాకు నిద్రల గూడ యాదికున్నది. ఈయిన పదిహేను దినాల సంది ఈడనే తింటుండు, ఈడనే పంటుండు. నేను ఎత్తుతనంటె కొట్టనీకొచ్చిండు. వకీలు మాట దాటితె జైలంట."

ఇంతలో పటేలు వచ్చాడు. ఎందుకు ఎత్తనివ్వలేదని అడిగితే అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కానూను తెలిసినోళ్లు తమరు జెప్తిరి. కానూను తెల్వనోణ్ణి నేనెట్ల దాటుదు? చీటీ అడిగినప్పుడు గూడ తమరు ఎత్తమని రాయలేదు" అన్నాడు. అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు.

సర్వేయరు నష్టం అంచనా రాసుకుని, కాగితం తీసి, కుర్మన్నను వేలిముద్ర వెయ్యమన్నారు. కంపెనీ డబ్బు ఇస్తుందని విడమరిచి చెప్పారు. కుర్మన్న రెండు చేతులూ గొంగడిలోకి లాక్కున్నాడు.

"ఏలు పెట్టను సారూ. ఉత్త మాటకే పదిహేను దినాలు కూసున్న. కాగితానికి ఎన్ని దినాలు కూసోవాలె?"

ఎంత చెప్పినా వినలేదు. సర్వేయరు సాయంత్రం బస్సు అందుకోవాలి. కాగితం నాకు ఇచ్చి, "పది రోజుల్లో ముద్ర వేయించి పంపితే సరే. లేకపోతే ఇతని భాగం పోయినట్టే, మీ బండి మాత్రం బాగవుతుంది" అని చెప్పి వెళ్లిపోయారు. నా బండి మాత్రం బాగవుతుంది. ఆ మాట మిగిలిన పూటంతా వినిపిస్తూనే ఉంది.

"మరి నన్నేం చెయ్యమంటావమ్మా?" అని ఈదమ్మను అడిగాను.

"మాకు మనుషులు గావాలె. పట్నాల దిక్కు పోయినోళ్లు పోయిండ్రు, ఉన్నోళ్లు కూలీకి పోతుండ్రు. మిగిలిందన్న కొట్టుకోవాలె. కట్టె పడ్తవా?"

ఆ రాత్రి పటేలు ఇంట్లో ఉండి, నా వాంగ్మూలంలో కుర్మన్న పేరు చేర్చి, ఆదివారం పొద్దున్నే వెళ్లాను. కుర్మన్న అప్పటికే కంప తీసేసి, ఎండలో పంటను తిరగేస్తున్నాడు. బాగా ఎండి ఉన్నదాన్ని వేరు చేసి ముగ్గురం కొట్టడం మొదలుపెట్టాం. పావుగంటకు నా అరచేతులు ఎర్రబడ్డాయి. ఉలవ నూగు మెడ మీద పడితే దురద, గీరుకుంటే మంట. నేను కట్టెను పైనుంచి తెచ్చి బలంగా వేస్తుంటే ఈదమ్మ, "అది నీ మీద ఫిర్యాది చెయ్యలేదు. మెల్లగ కొట్టు, గింజ పగులుతది" అంది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఈసారి కూడా నలుగురైదుగురే. నాకు తలెత్తాలనిపించలేదు. కొట్టేటప్పుడు కట్టెను మణికట్టుతో తిప్పి పడుకోబెట్టినట్టు వెయ్యాలని, అప్పుడు కాయ దానంతట అదే విచ్చుకుంటుందని మధ్యాహ్నానికి కొంచెం తెలిసింది. తెలిసేసరికి చేతులు బొబ్బలెక్కాయి.

పొద్దు వాలేవేళ తూర్పారపట్టారు. నాలుగు బస్తాలు కావలసింది, ఒకటిన్నర అయింది. అందులోనూ కొంత విత్తనానికి పనికిరాదు. కుర్మన్న కుప్ప ముందు కూర్చుని గింజలు చేతిలోకి తీసుకుని వదిలాడు. కొంతసేపటికి, "ఆ కాగితం సదువు దొరా. తప్పు ఎవలదని రాసినవో ముందుగాల అది సదువు" అన్నాడు.

నా వాంగ్మూలం తీశాను. "తప్పు నాది. కుర్మన్న నన్ను ఆపినాడు. పక్క దారి చూపినాడు. నేను వినలేదు" అని చదివాను.

"ఇంకోసారి సదువు."

చదివాను. అతను పటేలును కేకేసి పిలిచాడు. పటేలుతో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు.

"ఇప్పుడు వీళ్ల ముంగల సదువు."

మూడోసారి చదివాను. కుర్మన్న కాగితంలో తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత పటేలు దగ్గరి సిరాలో బొటనవేలు ముంచి కంపెనీ కాగితం మీద ముద్ర వేశాడు.

"ఇంక నేను ఏడ గూడ కూసోవలసిన పని లేదు గదా?" అని అడిగాడు.

"లేదు."

"ఎవ్వరు జెప్పినా?"

"ఎవ్వరు చెప్పినా."

ఈదమ్మ చేటలో మిగిలిన మట్టి దులుపుతూ, "రాసుడైతె మంచిగనే వస్తది నీకు. అప్పుడే రాస్తె ఏమైతుండె" అంది.

సోమవారం ఉదయం వనపర్తిలో కంపెనీ కాగితాన్నీ నా వాంగ్మూలాన్నీ రిజిస్టరు పోస్టులో పంపి, పదకొండు గంటల బొగ్గు బస్సు ఎక్కాను. ఈ దారిన ఈ పని మీద వెళ్లేవారికి చెప్పేది కొంచెమే. సర్వేయరు వచ్చేదాకా బండిని విప్పించకండి. వనపర్తి నుంచి స్టేషనుకు పెందలాడే బయలుదేరండి. గద్వాలలో ఖాజామియా తొందరపెడితే పని చెయ్యడు. పాలసీని ముందే చదవండి. నా మోటారు సైకిలు ఇంకా అక్కడే ఉంది, వారం తర్వాత వెళ్లి తెచ్చుకోవాలి. కుర్మన్నకు రావలసింది ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఇంకా తెలియదు. వెంటపడి రాబట్టవలసినవాణ్ణి నేనే.

గోపాల్‌పేట దాటాక మిట్ట వచ్చింది. ఈసారి నేనూ దిగి నెట్టాను. బొబ్బల చేతులతో బస్సు ఇనుము మీద వాలినప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. నాలుగేళ్ల క్రితం లింగాలలో ఒక రైతు బావి తవ్వుతుంటే, అవతలివాళ్ల తరఫున నేను నోటీసు ఇచ్చాను, తీర్పు వచ్చేదాకా పలుగు వెయ్యకూడదని. తర్వాత మా కక్షిదారు పట్టించుకోలేదు, కేసు కొట్టేశారు. కాగితాలు కట్ట కట్టి అటకెక్కించాను. ఇక తవ్వుకోవచ్చని ఆ రైతుకు ఎవరైనా చెప్పారా? నేను చెప్పలేదు.

మూడున్నరకు నాగర్‌కర్నూలులో దిగి, ఇంటికి పోకుండా అక్కడే నిలబడి, లింగాల వైపు బస్సు ఎప్పుడుందని అడిగాను. రేపు పొద్దున ఆరున్నరకు అన్నారు.